సూదుల సాక్ష్యం

జకరయ్య చెవులను బాయిలర్లు తినేశాయి. ఇరవై రెండేళ్లు వాటి కడుపులో దూరి రివెట్లు కొట్టిన మనిషికి చెవులు మిగిలితేనే వింత. 1965లో బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో అందరికీ వైద్య పరీక్ష ఉంటుందని తెలిసినప్పుడు ఆయన భార్య మగ్దలీనమ్మకు కాళ్ల కింద నేల కదిలిపోయింది. చెవుడని తేలితే ఉద్యోగం పోతుంది, దాంతోపాటే క్వార్టర్సూ పోతుంది. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని ఎక్కడికి పోవాలి?

కావలిలో రమణయ్య అని ఒకాయన ఉన్నాడు. రంగూన్‌లో ఒక చీనా వైద్యుడి దగ్గర పదేళ్లు పనిచేసి, సన్నటి సూదులు గుచ్చి నయంచేసే విద్య నేర్చుకుని, కట్టుబట్టలతో తిరిగొచ్చినవాడు. ఆమె మొగుణ్ని అక్కడికి లాక్కుపోయింది. పన్నెండు వారాలు చెవుల చుట్టూ, ముంజేతుల మీద సూదులు దిగాయి. రమణయ్య మంచివాడే, ఏమీ దాచలేదు. కీళ్లనొప్పులైతే తగ్గిస్తాను గానీ మోతకు పోయిన చెవుల సంగతి నేను చెప్పలేనన్నాడు. అన్నట్టే చెవులు రాలేదు.

పరీక్షలో డాక్టరు వీపు వెనక నిలబడి మెల్లగా అంకెలు చెబుతాడు, వాటిని తిరిగి చెప్పాలి. సమాధానం అనే తోటి మేస్త్రి తన వంతు కోసం ఎదురు బెంచీ మీద కూర్చుని, ఆ అంకెలన్నీ డాక్టరు కంట పడకుండా మోకాలి మీద వేళ్లతో చూపించాడు. జకరయ్య పాసయ్యాడు. ఆ ఏర్పాటంతా మగ్దలీనమ్మదే.

అయితే ఈయనకు చెవుడని షెడ్డంతా ఎరుగును. గుసగుసలు మొదలయ్యాయి. వాటిని అణచడానికి ఆమె ఇంకో ఘనకార్యం చేసింది. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కావలి సూదుల ద్వారా ప్రభువు తన భర్త చెవులు తెరిచాడని సంఘమంతటి ముందు సాక్ష్యం చెప్పింది. పక్కన జకరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. అందరూ స్తోత్రం అన్నారు. దేవుడి పేరున చెప్పిన మాటను కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ మాట అక్కడితో ఆగలేదు, సముద్రపు ఒడ్డుదాకా పాకింది. రమణయ్య ఇంటి ముందు చెవిటివాళ్లు బారులు తీరారు. నాకు చేతకాదు మొర్రో అని ఆయన ఎంత మొత్తుకున్నా, జకరయ్యకు వచ్చాయి కదా అని ఎవరూ కదల్లేదు. చివరికి విసిగిపోయి ఆయన సూదులు గుచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం మగ్దలీనమ్మ ఇంటికి అల్లూరు అవతల నుంచి పేరమ్మ వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. వెంట కూతురు కామమ్మ. ఏడేళ్ల పిల్ల, పుట్టుచెవుడు, మాట లేదు. సూదులు గుచ్చినచోట చెవుల వెనక ఎర్రగా కమిలి ఉంది. మద్రాసులో చెవిటిపిల్లల బడిలో దానికి సీటొచ్చిందట. వేళ్లతో మాట్లాడడం, చదవడం, రాయడం నేర్పుతారట, తిండీ బట్టా వాళ్లే ఇస్తారట. ఎల్లుండిలోగా చేర్చకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది, పైయేటికి వయసు మీరిపోతుంది.

"రమణయ్యేమో రాదు పొమ్మంటాడు. నువ్వు దేవుడి ముందర చెప్పినదానివి అక్కా. మీ ఆయనకు నిజంగా చెవులొచ్చినాయా? ఆ ఒక్క ముక్క చెప్పు. వచ్చుంటే బడీ వద్దు గిడీ వద్దు, బిడ్డను నాకాడే పెట్టుకుని సూదులేయిస్తా."

పక్క వాకిట్లో పొరుగింటి సామ్రాజ్యం బియ్యం ఏరడం ఆపి వింటోంది. ఆమె నోట పడితే సాయంత్రానికి షెడ్డంతా తెలుస్తుంది. మగ్దలీనమ్మ అటు ఒక చూపు చూసింది.

"వచ్చినాయి," అంది. "సూదులు మానద్దు."

పేరమ్మ బావురుమంది, సంతోషంతో. బిడ్డను దూరం చేసుకోనక్కర్లేదు మరి. కొంగున కట్టుకున్న బడివాళ్ల ఉత్తరం విప్పి, పొయ్యిలో పారెయ్యి అక్కా అని చేతిలో పెట్టి, పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది. మగ్దలీనమ్మ వెనక్కి పిలవలేదు. తాను చేసింది ఎంత పాపమో ఆమెకు తెలుసు. తెలిసే చేసింది.

లోపల నుంచి జకరయ్య అంతా చూశాడు. ఎవరని అడిగితే, ఎదురుగా నిలబడి పెదాలు బాగా కదుపుతూ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాడు.

"నేను పొయ్యి నిజం చెప్పొస్తా," అన్నాడు. "ఆ బిడ్డకు బడన్నా మిగలనీ."

"చెప్పిరా. రేపటినించి మన బిడ్డలకు కూడెవరు పెడతారో అదీ కనుక్కోనిరా."

చెప్పులేసుకుని గుమ్మందాకా వెళ్లినవాడు అక్కడే నిలబడిపోయాడు. రెండు గంటల షిఫ్టుకు షెడ్డు సైరను మోగింది. క్వార్టర్సులో మగవాళ్లంతా బయల్దేరారు, ఈయన మాత్రం కదల్లేదు. వినపడితే గదా. మగ్దలీనమ్మ క్యారియరు తెచ్చి చేతికిచ్చి, భుజం తట్టి, షెడ్డు వైపు చెయ్యి చూపించింది. ఆయన పనికి వెళ్లిపోయాడు.