బస్సుకి అడ్డొచ్చిన మంద

మే నెల వచ్చేసరికే నా గొంతు అరిగిపోతుంది. "మూడున్నర వేల ఏళ్ల కిందటి బురుజు ఇది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. లోపలికెళ్లేటప్పుడు తల వంచండి." పొద్దున ఒక బస్సుకి, మధ్యాహ్నం ఇంకో బస్సుకి ఇదే పాట. వంచమన్నా వంచరు. నుదురు కొట్టుకుని నావైపు గుర్రుగా చూస్తారు, ఆ గుమ్మం నేనే కట్టినట్టు. బురుజు అయ్యాక కొండరాతిలో తొలిచిన జానల ఇళ్లు, ఆ తర్వాత మెట్ల బావి. గురువారం, శనివారం మాత్రం సముద్రపొడ్డున ఉన్న గుహ. జానలంటే బొమ్మంత ఆడవాళ్లు, బంగారు మగ్గాల మీద నేస్తూ ఉంటారని మా అమ్మమ్మలు చెప్పేవాళ్లు. నేనూ అదే చెబుతాను. నోరు ఆ మగ్గాల దగ్గర ఉంటుంది, మనసు మాత్రం ఇంటికెళ్లి కాళ్లు వేణ్నీళ్లలో పెట్టుకుని ఉంటుంది.

మాది సార్డీనియా దీవి నడుమ ఉన్న కొండ ఊరు. చుట్టూ సముద్రమే గాని మాకు దానితో పని లేదు. మాకున్నదల్లా గొర్రెలు.

బురుజు ఉన్న మేత భూమి బకీస్ బాబాయ్‌ది. నాకు చుట్టమేం కాదు. మా ఊళ్లో వయసు మళ్లిన ప్రతి మగాడూ బాబాయే. డెబ్బైకి దగ్గర పడ్డాడు, పెళ్లి చేసుకోలేదు. గొర్రెలు తీరిక ఇస్తేగా! చీకటితో లేచి పాలు పితకాలి, చీజ్ చెయ్యాలి, మేతకి తోలాలి, పొద్దు వాలకముందే మళ్లీ పాలు పితకాలి. పదమూడో ఏట పట్టుకున్న బకెట్టు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాయి. మందంతా పెద్ద ఓక్ చెట్టు కింద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడింది. ఒక్కటే పిడుగు. కుక్కని వెతుక్కుంటూ దొడ్డివైపు వచ్చాడు గనక బాబాయ్ బతికాడు. గొర్రెల్లో ఒక్కటీ లేవలేదు.

ఊరంతా వెళ్లి గొయ్యి తవ్వి పూడ్చింది. బాబాయ్ ఏడవలేదు, తిట్టలేదు, దేవుణ్ణి కూడా ఏమీ అనలేదు. వారం తర్వాత ఒక పొద్దున, చర్చికి వేసుకునే నల్ల కోటు తొడుక్కుని, రొట్టె మూట చంకలో పెట్టుకుని నా బస్సు దగ్గరికొచ్చాడు.

"ఏం అమ్మాయ్ బొనారియా, ఇందులో మనలాంటి వాళ్లు ఎక్కొచ్చా, లేక పరదేశం వాళ్లయ్యుండాలా?"

"ఎక్కు బాబాయ్. ఎక్కడికి?"

"నువ్వెక్కడికి తీసుకెళ్తే అక్కడికి. వీళ్లందరూ ఇంత దూరం వచ్చి ఏం చూస్తున్నారో నేనూ చూస్తాను."

జర్మనీ ముసలాళ్ల మధ్యలో కూర్చున్నాడు. మొదట దిగింది ఆయన బురుజు దగ్గరే. నేను తల వంచండి అన్నాను. అందరిలోకీ ఆయనొక్కడే వంచాడు. లోపల నేను నా పాఠం అప్పజెబుతుంటే ఆయన మెడ వెనక్కి విరిచి పైకి చూస్తూ నిలబడిపోయాడు. వలయం మీద వలయం పేర్చుకుంటూ పోయి పైన ఒక్క రాతితో మూసిన కప్పు అది.

"బాబాయ్, పద."

"ఉండవే. ఏభై ఏళ్లు దీనికి వీపు ఆనించి రొట్టె తిన్నాను. వానొస్తే ఇందులోనే దూరాను. ఒక్కసారీ పైకి చూడలేదు చూడు."

"ఏం చేసేవాడివి మరి?"

"ఏం చేస్తాను? గొర్రెలు తడుస్తున్నాయేమో అని గుమ్మంలోంచి బయటికి చూసేవాణ్ణి."

ఆ రోజు నుంచి వదల్లేదు. జానల ఇళ్ల దగ్గర మోకాళ్ల మీద పాకి లోపలికెళ్లి, "మగ్గాలు ఎత్తుకుపోయారే!" అన్నాడు. నిజంగానే అన్నాడో, వేళాకోళమో నాకు ఇప్పటికీ తెలియదు. అడ్డమైన ప్రశ్నలూ అడిగేవాడు. ఏది చెబితే అది నమ్మేవాడు. అలా నమ్మే మనిషి ఎదురుగా ఉంటే చెప్పేవాళ్లకి ఇంకా అలసట. అరిగిపోయిన మాటల్ని మళ్లీ నిజం చేసి చెప్పాల్సి వస్తుంది.

మెట్ల బావి దగ్గర ఒకనాడు, మిగతావాళ్లు ఫొటోలు తీసుకుంటుంటే, రాతి అరుగు మీద నా పక్కన కూలబడ్డాడు.

"నీకొకటి చెప్పనా? నవ్వకు."

"చెప్పు."

"పిడుగు పడ్డ మర్నాడు నేను లేచేసరికి ఎండ మంచం మీదికొచ్చింది. బుద్ధి తెలిశాక అంతసేపు పడుకోవడం అదే. ముందు భయమేసింది, పాలకి ఆలస్యమైందని. తర్వాత గుర్తొచ్చింది, లేవక్కర్లేదని." చేతుల్లోకి చూసుకున్నాడు. వేళ్లు సగం ముడుచుకునే ఉంటాయి ఆయనకి, ఎప్పుడూ పొదుగు పట్టుకున్నట్టే. "హాయిగా అనిపించింది బొనారియా. అన్ని ప్రాణాలు పోయాయి, నాకేమో హాయిగా అనిపించింది. ఇంకెవరితోనూ అనకు."

"అనను."

"ఆ గుహ ఒక్కటి చూపించు. సముద్రం లోపలికొచ్చి పాడుతుందంటావు కదా. అదొక్కటి చూసి, ఆ తర్వాత ఉన్నన్నాళ్లు కూర్చుంటాను. ఊరికే కూర్చుంటాను."

శనివారం అని మాటిచ్చాను.

శుక్రవారం కాఫీ కొట్లో ప్రెదు పట్టుకున్నాడు నన్ను. బకీస్ బాబాయ్‌కి పెదనాన్న కొడుకు, ఊళ్లో పెద్ద మందగాడు, గొంతు కూడా మందంత.

"మా వాడికి మతి చలించింది, చూస్తున్నావా?" అన్నాడు. "ఆదివారం కోటు వేసుకుని మంగళవారం రాళ్లు చూస్తున్నాడు. దుఃఖం అలా తిప్పుతుంది మనిషిని. ఇంక ఆలస్యం చెయ్యకూడదనుకున్నాం. రేపు గొర్రెలు తోలుకొస్తున్నాం."

ఇది మా పద్ధతి. ఒకడి మంద పోతే కాపరులందరూ తలా ఒక గొర్రెని ఇస్తారు. ముసలిదీ కుంటిదీ ఇవ్వకూడదు, మందలో మంచిదే ఇవ్వాలి. తీసుకునేవాడు వద్దనకూడదు, దండం కూడా పెట్టకూడదు. రేపు ఇంకొకడికి కష్టమొస్తే తనూ ఒకటి ఇవ్వాలి, అంతే. ఒక్కడు వద్దన్నాడంటే, తర్వాతివాడికి ఇచ్చే చెయ్యి వెనకాడుతుంది.

"ఆయన్ని అడిగారా?" అన్నాను.

"ఏమని?"

"కావాలా అని."

ప్రెదు నన్ను జాలిగా చూశాడు. "నువ్వు కాలేజీలో చదివావు గాని బొనారియా, మునిగేవాణ్ణి అడిగి చెయ్యిస్తామా?"

"ఆయన అలిసిపోయాడేమో ప్రెదు బాబాయ్."

"గొర్రెలు లేక అలిసిపోయాడు!" అని బల్ల మీద చరిచాడు. చుట్టుపక్కలవాళ్లు తలలూపారు. ఇంకా చెప్పాలంటే బాబాయ్ నాతో అన్న మాట బయట పెట్టాలి. కాఫీ తాగి వచ్చేశాను. ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికెళ్లి సంగతి చెప్పాను. గడపలో కూర్చుని కోటు దులుపుకుంటున్నాడు.

"రేపు ఎన్నింటికి వస్తారట?" అన్నాడు.

"పది దాటుతుందట."

"మనం ఎనిమిదింటికి వెళ్లిపోతాం కదా." అంతే అన్నాడు. కోటు దులపడం మానలేదు.

శనివారం బస్సు ఊరి కింద వంపు తిరిగిందో లేదో డ్రైవరు బ్రేకు వేశాడు. రోడ్డు నిండా గొర్రెలు. ఒక్కో మంద నుంచి వచ్చినదానికి ఒక్కో రకం గంట. అన్నీ కలిసి ఏ రాగమూ కాకుండా మోగుతున్నాయి. ముందు ప్రెదు, వెనక కాపరులు, వాళ్ల వెనక ఆడవాళ్లు వైన్ సీసాలతో. ఆత్రం ఆగక తెల్లారకుండానే బయల్దేరారట. బస్సులోవాళ్లు ఎగిరి గంతేసి కిటికీలకి అతుక్కుపోయారు, డబ్బు లేకుండా అదనంగా దొరికిన వేడుక అన్నట్టు.

బకీస్ బాబాయ్ సీట్లో కిందికి జారాడు. మోకాళ్లు ముందు సీటుకి తగిలేదాకా జారాడు. నావైపు చూశాడు. పోనిమ్మను అన్నట్టు చూశాడు. పోనివ్వడానికి దారేది? గొర్రెలు టైర్లని వాసన చూస్తున్నాయి.

ప్రెదు అద్దంలోంచి చూడనే చూశాడు. తలుపు కొట్టాడు. "బకీస్! ఒరేయ్ బకీస్! దిగు, చూడు ఎవరొచ్చారో!" అంత మనిషి ఏడుస్తున్నాడు.

తలుపు తీయక తప్పలేదు. బాబాయ్ ఒక్కో మెట్టూ దిగాడు. కాపరులు టోపీలు తీశారు. ఆయన మంద మధ్యలోకి నడిచి, వంగి, ఒక గొర్రె పొదుగు కింద చెయ్యి పెట్టాడు. పక్కదానికీ పెట్టాడు. ఒక్కసారిగా నిటారుగా లేచాడు.

"పాలు పితక్కుండా తోలుకొచ్చార్రా!" అని అరిచాడు. "రాళ్లలా ఉన్నాయి పొదుగులు! సంబరాలా మీకు? ఎవడ్రా నేర్పింది మీకు?"

ప్రెదు ఏడుపులోనే నవ్వాడు. "విన్నారా? మావాడు తిరిగొచ్చేశాడు!"

వద్దు అనే మాట ఆయన నోట్లోనే ఉందని నాకు తెలుసు. ఆ పొదుగుల్ని చూశాక అది మింగేశాడు. నల్ల కోటు విప్పి, మడిచి, మోచేతి మీద వేసుకుని, నాలుక మడిచి ఈల వేశాడు. కొన్ని కదిలాయి, కొన్ని ఎవడీ కొత్తవాడు అన్నట్టు చూశాయి. వెనక్కి తిరక్కుండా దొడ్డివైపు నడిచాడు.

గుహలో నేనేం చెప్పానో నాకే తెలియదు. సముద్రం ఎప్పటిలాగే లోపలికొచ్చి ఎప్పటిలాగే పాడింది. తిరిగొచ్చేటప్పుడు ఆయన సీట్లో రొట్టె మూట కనిపించింది.

పొద్దు వాలుతుండగా మూట పట్టుకుని దొడ్డికి వెళ్లాను. గొర్రెలింకా ఒకదానితో ఒకటి కలవలేదు. ఏ మందవి ఆ మందగా గుంపులు కట్టి నిలబడ్డాయి. బాబాయ్ ముక్కాలి పీట మీద కూర్చుని పాలు పితుకుతున్నాడు. నుదురు గొర్రె డొక్కకి ఆనించి ఉంది, అక్కడే నిద్రపోతాడేమో అన్నట్టు.

"ఎలా ఉంది గుహ?" అన్నాడు తలెత్తకుండా.

"చెప్పను."

"అంత గొప్పదా?"

"గురువారం నువ్వే వచ్చి చూడు. తిరిగొచ్చాక ఆ సాయంత్రం పాలు నేను పితుకుతాను."

నవ్వాడు. నీరసపు నవ్వు. "మళ్లీ బస్సులో చూశారంటే, అయ్యో వీడికింకా నయం కాలేదని ఇంకో మంద తోలుకొస్తారు."

నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు త్వరగానే ఆగిపోయాం.

"చేతకాదు నీకు. పుస్తకాలు పట్టిన చేతులు."

"మా నాన్న నాకు పుస్తకాల కంటే ముందు బకెట్టు ఇచ్చాడు."

పక్కనున్న బూడిదరంగు గొర్రెని మెడ పట్టి నా ముందుకి నెట్టాడు. "ఇది ప్రెదు ఇచ్చింది. యజమాని లాంటిదే, తంతుంది. దీని దగ్గర నెగ్గు, చూద్దాం."

రెండో పీట లాక్కుని కూర్చున్నాను. మొదటి తన్ను మోచేతికి తగిలింది. రెండోది బకెట్టుకి. వెనక కాలు మోకాలితో నొక్కిపెట్టి, మా నాన్న చేసినట్టే కాసేపు ఊరుకున్నాను. అదీ ఊరుకుంది. ధార బకెట్టు అడుగున మోగింది, తర్వాత మోగడం మానేసి నురగలోకి దిగింది.

బాబాయ్ చేతులు ఒళ్లో పెట్టుకుని, వెనక గోడకి ఆనుకుని, పని లేకుండా కూర్చుని చూస్తున్నాడు. బకెట్టు సగం నిండాక అడిగాడు.

"గురువారం కూడా ఎనిమిదింటికేనా బస్సు?"