మునగచెట్టుకూ స్తంభానికీ మధ్య

నేను ఒక వెదురు నిచ్చెనను. కరెంటాఫీసు నిచ్చెనను కాబట్టి కాస్త మర్యాదగా చూడండి. ఇప్పుడు మాత్రం నేను నిలబడీ లేను, గోడకు చేరబడీ లేను. ఒక మంచం మీదుగా, ఇంటి దూలానికి కట్టిన తాళ్లతో వేలాడుతున్నాను. మా జాతిలో ఎవరికీ ఇలాంటి ఉద్యోగం పడి ఉండదు. ఇక్కడికి ఎలా చేరానో చెబుతాను.

పుట్టింది నల్లమలలో. నన్ను కొట్టి తెచ్చి, చెక్కి, మెట్లు బిగించింది మాచర్ల దారిలో ఉండే మేదరి గురవయ్య. అతను బీడీ నోట్లో పెట్టుకుని నా గడలను నిప్పుసెగ మీద తిప్పుతూ, పక్కనున్న పెళ్లాంతో, "పాడె కట్టడానికి అడిగితే ఈ గడలే ఇచ్చేవాణ్ణి. దీని అదృష్టం బాగుండి నిలబడే ఉద్యోగం దొరికింది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. పుట్టినరోజున ఎవరైనా అనే మాటేనా అది? తర్వాత చాలా ఏళ్లు ఆ మాట మరిచిపోయాను.

కరెంటాఫీసులో నన్ను పిచ్చయ్యకు అప్పగించారు. పిచ్చయ్య లైన్‌మన్. పొట్టి మనిషి, కానీ భుజాలు చూస్తే ఇద్దరు మనుషులవి తెచ్చి అతికించారేమో అనిపిస్తుంది. నన్ను ఒంటిభుజాన వేసుకుని సైకిలు తొక్కేవాడు. ఎక్కే ముందు నా అడుగుమెట్టును అరికాలితో రెండుసార్లు తట్టి, "పదవే" అనేవాడు. ఆ ఊళ్లో కరెంటు పోతే పిచ్చయ్య తాతముత్తాతలందరినీ తలుచుకునేవాళ్లు. వచ్చాక మాత్రం ఒక్కడూ మంచినీళ్లయినా తాగమనేవాడు కాదు. ఫ్యాను తిరగడం మొదలయ్యేసరికి మనుషులకు పిచ్చయ్య ఎవరో గుర్తుండేది కాదు.

అతనికి ఒక పట్టింపు ఉండేది. లైన్ క్లియర్ తీసుకోకుండా స్తంభం ముట్టడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, ఆ లైనులో కరెంటు ఆపించి, అక్కడి మనిషి "ఆపేశాం, ఎక్కు" అన్నాకే నా మీద కాలు పెట్టేవాడు. ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా వినేవాడు కాదు. అందుకే అన్నేళ్లు బతికాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో ముందుముందు పని ఉంది.

మా సెక్షన్‌లో వెంకట్రాముడని ఒక పెద్దాయన పనిచేసేవాడు. ఇంట్లో స్నానం చేస్తూ పక్షవాతం వచ్చి పడిపోయాడు. డ్యూటీలో జరిగింది కాదు కాబట్టి ఏమీ రాదన్నారు. ఆయన భార్య ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చివరికి ఆ ఆఫీసు ముందే ఇడ్లీలు అమ్ముకుంది. మావాళ్లు రోజూ ఆ ఇడ్లీలు తింటూనే ఒక సంగతి బుర్రలో పాతేసుకున్నారు. స్తంభం మీంచి పడితే ప్రభుత్వం చూస్తుంది, ఇంట్లో పడితే ఎవడూ చూడడు.

తర్వాత రోజులు మారాయి. ఉద్యోగులందరికీ కొత్త బీమా పెట్టారు. దాని గురించి చెప్పడానికి పెద్ద ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. బ్యానరు కట్టడానికి నన్ను వాడారు కాబట్టి ఆ మీటింగుకు నేనూ హాజరే. ఆయన గొంతు సవరించుకుని, "ముఖ్యంగా మీరందరూ తెలుసుకోవాల్సింది ఏమిటంటే" అన్నాడో లేదో, మైకు ఆగిపోయింది. కరెంటాఫీసు మీటింగులో కరెంటు పోయింది! అందరూ గొల్లున నవ్వారు. పిచ్చయ్య నన్ను భుజానేసుకుని ఫ్యూజు వెయ్యడానికి పరిగెత్తాడు. మేం తిరిగొచ్చేసరికి బిర్యానీ పొట్లాలు పంచుతున్నారు. ఆ ముఖ్యమైన ముక్క ఏమిటని ఎవరూ అడగలేదు. పిచ్చయ్య కూడా అడగలేదు, లెగ్ పీసు దొరికిందన్న సంతోషంలో ఉన్నాడు.

ఇక ఆ ఆదివారం. క్రికెట్ ఫైనల్ మ్యాచ్ రోజు. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు, అందరూ టీవీల ముందే. పిచ్చయ్యకు సెలవు. అతని భార్య తిరపతమ్మ పప్పుచారులోకి మునక్కాయలు కావాలంది. ఆఫీసు సామాను ఇంటికి తేకూడదని తెలిసినా అతను నన్ను శనివారమే తెచ్చి పెరట్లో పెట్టాడు. మునగకొమ్మ పెళుసని పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ జీవితమంతా స్తంభాలెక్కిన మనిషికి చెట్టంటే లెక్కేముంటుంది? ఎవరైనా పొగిడితే మునగచెట్టు ఎక్కించారంటారు చూడండి, ఇతన్ని ఎవరూ పొగడలేదు, నిజంగానే ఎక్కాడు. నా పైమెట్టు దాకా వచ్చి, అందని కాయల కోసం నన్ను వదిలి కొమ్మ మీదకు మారాడు. కొమ్మ ఫెళ్లున విరిగింది. పిచ్చయ్య బట్టలుతికే బండ మీద వెల్లకిలా పడ్డాడు.

తిరపతమ్మ కేకకు పక్కవీధిలో ఉండే మస్తాన్‌వలి పరిగెత్తుకొచ్చాడు. పిచ్చయ్య దగ్గర పనిచేసే కాంట్రాక్టు మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అతని వెనకే సెక్షన్‌వాళ్లు ఇంకో ముగ్గురు వచ్చారు. పిచ్చయ్య కళ్లు తెరిచే ఉన్నాయి.

"నడుంలో ఏదో అయిందిరా. నన్ను కదపమాకండి. బండి పిలవండి, చాలు" అన్నాడు.

మస్తాన్‌వలి ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే బుర్ర వాడాడు, అదే కొంపముంచింది. "ఇంట్లో పడ్డావంటే పైసా రాదన్నా! వెంకట్రాముడి గతి చూళ్లా? వదిన్ని రోడ్డున పడెయ్యమంటావా? వీధి చివర స్తంభం దగ్గర పడుకోబెడతాం. పోలు మీంచి పడ్డాడని చెబుతాం."

"కదపమాకురా మస్తానూ."

"నువ్వూరుకో అన్నా, మాకు తెలుసు."

నన్ను నేలమీద పరిచారు. నా మీద దుప్పటి వేసి పిచ్చయ్యను ఎత్తి పడుకోబెట్టారు. అప్పుడు అతని కాలి బొటనవేలు నా మెట్టు మీద కదిలింది. నేను దాన్ని బాగా ఎరుగుదును, అన్నేళ్లు నా మీద తట్టిన వేలు. అది కదిలింది, తిరపతమ్మ కూడా చూసింది. నలుగురూ నన్ను భుజాలకెత్తుకుని ఆ ఖాళీ వీధిలో గబగబా నడిచారు. ప్రతి ఇంట్లోనూ టీవీలో జనం అరుస్తున్నారు. గురవయ్య అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. దారిలో ఒకడికి కాలు తట్టుకుంది. నేను పక్కకు ఒరిగాను, పిచ్చయ్య ఒక్క అరుపు అరిచాడు. స్తంభం కింద దించేటప్పటికి ఆ వేలు కదలడం లేదు. అతన్ని మట్టిలో పడుకోబెట్టి, నన్ను స్తంభానికి చేరవేసి, అప్పుడు అంబులెన్సుకు ఫోన్ చేశారు.

గుంటూరులో డాక్టర్లు నడుం కింద ఇక కదలిక రాదన్నారు. కానీ వెన్ను దెబ్బతిన్నవాళ్లకు కూర్చోవడం, చక్రాల కుర్చీలో తిరగడం, తమ పని తాము చేసుకోవడం నేర్పే ఆస్పత్రి ఒకటి ఉందట. అక్కడ కొన్ని నెలలు ఉంచితే మనిషి మళ్లీ మనిషిలా బతకొచ్చట. దానికయ్యే ఖర్చు పిచ్చయ్య ఇల్లు అమ్మినా రాదు. బీమా డబ్బు వస్తేనే ఆ దారి, లేకపోతే మంచం. తిరపతమ్మ ఆ బీమా కోసం దేవుళ్లందరికీ మొక్కింది, మస్తాన్‌వలి తన దర్గాలో మొక్కాడు.

స్తంభం మీంచి పడ్డాడని మావాళ్లు క్లెయిము పెట్టారు, దాని విచారణకు బీమా కంపెనీ నుంచి ఒక మేడం వచ్చింది. కళ్లజోడు, భుజానికి సంచీ, మెల్లగా మాట్లాడే మనిషి. అప్పటికి నేను అదే స్తంభానికి చేరబడి ఉన్నాను. సాక్ష్యమని నన్ను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మేడం నన్ను కిందినుంచి పైదాకా చూసి, ఎదురుగా టిఫిన్ హోటల్ నడిపే సీతారావమ్మను పిలిచింది. పిచ్చయ్య ఎలాంటి మనిషని అడిగింది.

సీతారావమ్మకు పిచ్చయ్యంటే ప్రాణం. అతనికి మేలు చెయ్యాలని గట్టిగా నిశ్చయించుకుని వచ్చింది. "ఏం చెప్పమంటావమ్మా! బంగారం. ఈ ఊళ్లో పూటకోసారి కరెంటు పోయిద్ది కదా, ఆ ఆదివారం చూడు, పొద్దుట్నించి రాత్రి దాకా రెప్పపాటు పోలా! మ్యాచ్ మొత్తం చూశాం, ఊరంతా చూసింది. అంతా పిచ్చయ్య పుణ్యమే. అట్టాంటోడికి ఇట్టా అయిందమ్మా!"

అయ్యో సీతారావమ్మా! కరెంటు పోయిన రోజులను ఊరు ఏనాడో మరిచిపోయింది. పోని రోజు ఒక్కటి దొరికింది, దాన్ని మనసులో దాచుకుంది.

మేడం మస్తాన్‌వలి వైపు తిరిగి, "లైన్ క్లియర్ తీసుకోకుండా ఆయన ఎక్కరని అందరూ చెప్పారు. తీసుకుంటే ఈ వీధికి కరెంటు ఉండదు కదా?" అంది. ఆమె చెయ్యెత్తి నా పైమెట్టు కింద వేలితో రాసింది. మునగబంక. ఎండి గట్టిపడి ఉంది. "ఈ నిచ్చెన తీసుకుని ఆయన ఇంటికి పదండి" అంది.

ఇంట్లో మంచం మీద పిచ్చయ్య. కిటికీలోంచి విరిగిన కొమ్మ కనబడుతూనే ఉంది. మేడం ఎవరినీ గద్దించలేదు. తిరపతమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక మాట అడిగింది.

"ఇంట్లో పడ్డానని ఎందుకు చెప్పలేదండీ?"

"ఇంట్లో పడితే రాదు కదమ్మా" అంది తిరపతమ్మ.

"వస్తుంది. ఇంట్లో పడ్డా, రోడ్డు మీద పడ్డా, సెలవులో పడ్డా వస్తుంది. మీ జీతంలో నెలనెలా పట్టుకునేది దానికేగా. డ్యూటీతో సంబంధం లేదు. ఎవరూ చెప్పలేదా మీకు?"

ఆ మైకు ఆగినచోట మిగిలిపోయిన ముక్క అదన్నమాట. ఇన్నాళ్లకు, ఇలా వినబడింది.

"ఇప్పుడు అబద్ధం చెప్పారని తేలింది. అబద్ధపు క్లెయిము కింద అంతా కొట్టేస్తారు" అంది మేడం. "ఒక్కటే దారి ఉంది. మీరు వద్దంటున్నా మిమ్మల్ని మోసుకెళ్లారని మీరు చెబితే, ఆ అబద్ధం మీది కాదు. నేను అలాగే రాస్తాను. అయితే మోసినవాళ్ల ఉద్యోగాలు ఉండవు. ఆలోచించి చెప్పండి."

ఆలోచించడానికి ఏముంది? నిజమే కదా అది! కదపమాకండ్రా అని రెండుసార్లు అన్నాడు కదా. నేను విన్నాను, తిరపతమ్మ విన్నది. వెదురుకు నోరుంటే ఆ రోజు ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. మస్తాన్‌వలి గుమ్మంలో నన్ను పట్టుకుని నిలబడ్డాడు. "మేడం, నేనే..." అని మొదలుపెట్టాడు.

పిచ్చయ్య అందుకున్నాడు. "నేనే మొయ్యమన్నాను మేడం. వాడు వద్దన్నాడు. నేనే తిట్టి మోయించా."

"ఏందయ్యా ఆ మాట!" తిరపతమ్మ గొంతు చీరుకుపోయింది. "నువ్వు కదపొద్దని మొత్తుకోలా?"

"నువ్వూరుకో తిరపతమ్మా. దెబ్బ తగిలింది నాకు, గుర్తుండేది నాకు." తర్వాత మెల్లగా, "వాడికి ఆడపిల్లలున్నారు" అన్నాడు. అది మేడంకు చెప్పాడో, భార్యకు చెప్పాడో నాకు తెలియలేదు.

మస్తాన్‌వలి మళ్లీ నోరు తెరిచాడు. మూసుకున్నాడు. అతన్ని నేను తిట్టలేను. మేడం పిచ్చయ్య చెప్పిందే రాసుకుని లేచింది. సంచీ తగిలించుకుని వెళ్లిపోయింది.

క్లెయిము కొట్టేశారు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు. కాళ్లు పోయినవాణ్ణి తీసెయ్యడానికి చట్టం ఒప్పుకోదట, ఆఫీసులో కూర్చునే పని ఇస్తామన్నారు. ఆ ఆఫీసు పైఅంతస్తులో ఉంది, ఎక్కడానికి మెట్లే దారి. ఒక నిచ్చెనగా నాకు ఇందులో నవ్వు రావాలి, రాలేదు. కూర్చోవడం నేర్పే ఆస్పత్రికి పిచ్చయ్య వెళ్లనే లేదు. మంచం మీద ఒకే పక్కన పడుకుని పడుకుని వీపు మీద పుండ్లు లేచాయి. తిరపతమ్మ ఒక్కతే అతన్ని తిప్పలేకపోయేది. తిప్పబోయి, చేతకాక, అక్కడే కూలబడి ఏడ్చేది.

నన్ను పనికిరాని సామాను కింద ఆఫీసు వెనక పడేశారు. పగిలిన పింగాణీ, తుప్పు తీగల మధ్య వానలో నానుతూ, ఇక్కడితో సరి అనుకున్నాను. ఒకరోజు మస్తాన్‌వలి వచ్చి నన్ను అడిగి తీసుకెళ్లాడు. పిచ్చయ్య మంచం మీదుగా తాళ్లతో కట్టాడు. పిచ్చయ్య చేతులు చాచి నా మెట్టు పట్టుకుంటాడు. ఒక్కో మెట్టే పట్టుకుంటూ నడుం పైభాగాన్ని లేపుకుంటాడు. ఆ భుజాల్లో ఇంకా బలముంది. మొదటిరోజు నన్ను పట్టుకునే ముందు అరచేత్తో రెండుసార్లు తట్టి, "పదవే" అన్నాడు. తిరపతమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

అలా అతను పైభాగం లేపుతాడు. కాళ్లూ నడుమూ తిప్పడానికి ఇంకో మనిషి కావాలి. దానికి మస్తాన్‌వలి రోజూ పొద్దునా సాయంత్రం వస్తాడు. పండగైనా వస్తాడు, జ్వరమైనా వస్తాడు. చేతులు కడుక్కుని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పిచ్చయ్య నడుం కింద చేతులు పోనిచ్చే ముందు ప్రతిసారీ ఆగుతాడు.

"అన్నా, కదపనా?"

పిచ్చయ్య నా మెట్టును గట్టిగా పట్టుకుంటాడు.

"కదుపురా" అంటాడు. అప్పుడుగానీ మస్తాన్‌వలి చెయ్యి వెయ్యడు.