మెరిసే మూల

నేను ఒక మ్యాట్ ముక్కను. కబడ్డీ ఆడేచోట నేలమీద పరిచే మెత్తటి పలకలు చూసే ఉంటారు, అంచులకు పళ్లుండి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. వాటిలో ఒకదాన్ని. పడ్డవాళ్లకు దెబ్బ తగలకుండా కాయడం నా ఉద్యోగం. నన్ను చేసినవాళ్లు ఆ ఒక్క పనే నేర్పి పంపారు. నోరు పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. ఏ ఊరో నాకు తెలియదు. ప్లాస్టిక్ సంచీలోంచి బయటికి తీసేసరికి విశాఖపట్నంలో పైడిరాజు గోడౌన్లో ఉన్నాను. పైడిరాజు షామియానాలు, కుర్చీలు, మైకులు అద్దెకిస్తాడు. వాటితోపాటు మమ్మల్నీ ఇవ్వడం మొదలుపెట్టాడు. మొదటి ఏడాది పెళ్లిళ్లలో పిల్లలు దొర్లడానికి వెళ్లాను. ఒకసారి యోగా దినోత్సవానికి వెళితే పెద్ద పెద్ద ఆఫీసర్లు నా మీద శవాసనం వేశారు. మిగతా ఆసనాల సంగతి నేను చెప్పను గానీ, ఆ ఒక్కటీ మాత్రం అందరికీ చక్కగా వచ్చింది.

తర్వాత సాగర కబడ్డీ లీగ్ వచ్చింది. ఆడపిల్లల లీగ్, ఆరు జట్లు, టీవీలో ప్రసారం. దాని డైరెక్టరు చాణక్య ముప్పై దాటని కుర్రాడు. చెవిలోంచి ఫోను తీసేవాడు కాదు. చెడ్డవాడని నేననను. అతని చేతికి హిమజ పైపుల కంపెనీ స్పాన్సరుగా దొరికింది. డబ్బు రెండు విడతలు. మొదటిది ముందే ఇచ్చారు, రెండోది ఫైనల్ అయ్యాక, కంపెనీ పేరు టీవీలో బాగా కనపడితేనే.

ఇవన్నీ నాకెలా తెలుసంటారా? ప్రాక్టీసుకని ముందే మమ్మల్ని అద్దెకు తెచ్చారు, ఆట లేనప్పుడు స్టేడియం వెనక గదిలో దొంతరగా పేర్చేవారు. ఆ గదిలో కుర్చీలు లేవు. లీగ్ పెద్దల మీటింగులన్నీ మా నెత్తిమీదే జరిగాయి. స్పాన్సరు డబ్బుతో పేరు అచ్చులోనే కలిసిపోయిన కొత్త మ్యాట్ కొంటామనీ, ఆటగాళ్లకు డాక్టరును పెడతామనీ, మోకాలికి పట్టీలు, మంచి బూట్లు ఇస్తామనీ మొదటి మీటింగులో అనుకున్నారు. ఆ మాట విని పైడిరాజు దగ్గర నాకు రోజులు చెల్లినట్టే అనుకున్నాను. రెండో మీటింగులో ప్రారంభోత్సవం మాట వచ్చింది. మంటలు ఊదే యంత్రాలు వచ్చాయి, సినిమా డాన్సు వచ్చింది, ఆకాశంలో డ్రోన్లతో పులి బొమ్మ వచ్చింది. అది కింది నుంచి చూస్తే కుక్కలా ఉందని తర్వాత అందరూ అన్నారు. ముఖ్య అతిథులకు సముద్రం కనపడే గదులు, ఆడే పిల్లలకు ఒక కళ్యాణమండపం హాలు, వరసగా పరుపులు. అన్నీ అయ్యాక కొత్త మ్యాట్ కాస్తా పైడిరాజు పాత మ్యాట్ మీద స్టిక్కరు అయింది. డాక్టరు ఒక ఐసు డబ్బా అయ్యాడు.

స్టిక్కరు ఆటస్థలం కుడి మూలన వేశారు. అతుకుల దగ్గర కోసి ఆరేడు పలకల మీద పరిచారు. నా వంతుకు సగం అక్షరం వచ్చింది. మొదట వేసింది గరుకుది. దాంతో నాకు పేచీ లేదు, కాలు నిలబడేది. మొదటిరోజు ఆట టీవీలో చూసిన కంపెనీ మనిషి ఫోను చేసి, పేరు చప్పగా ఉంది, మెరవడం లేదన్నాడు. మర్నాడు పొద్దున్నే దాన్ని పీకి నున్నటి మెరుపు కాగితం వేశారు. లైట్ల కింద అద్దంలా మెరిసింది. దానిమీద చెమట పడితే ఏమవుతుందో కంపెనీ మనిషి ఆలోచించలేదు. అతను ఆట చూసేది టీవీలో కదా.

ఆ రోజే ఢిల్లీశ్వరిని ఎరిగాను. శ్రీకాకుళం జిల్లా పిల్ల, బొడ్డేపల్లివాళ్లమ్మాయి. రైడుకు వెళ్లేముందు వంగి మ్యాట్‌ని తాకి కళ్లకద్దుకునేది. అందరూ చేసేదే, కానీ తను అరచెయ్యి పూర్తిగా ఆనించేది. నెల తిరక్కుండా రైల్వేలో ఆటగాళ్ల కోటాకు సెలక్షన్లు ఉన్నాయి. వయసు రీత్యా ఆమెకు అదే ఆఖరి అవకాశం. ఈ లీగ్ ఆడినట్టు డైరెక్టరు సంతకంతో సర్టిఫికెట్ ఉంటే చాలు, పరుగులో ఆమెను కొట్టేవాళ్లు లేరు. ఆ ఉద్యోగం కోసమే ఇంత దూరం వచ్చి కళ్యాణమండపంలో పడుకుంటోంది.

మొదటి ఆటలో నా మీద ఆమె కాలు ఇంత జారింది. పడలేదు, తమాయించుకుంది.  ఆట అయ్యాక కోచ్ అప్పలసూరి మాస్టారిని వెంటబెట్టుకుని చాణక్య దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆ అచ్చరాల మీద కాలు నిలబడ్డం నేదండి" అంది.

"గుడ్డ పెట్టి తుడిపిస్తానమ్మా."

"తుడిస్తే ఇంకా జారతాది బాబూ," అన్నాడు మాస్టారు. "పీకీమనండి. పిల్లలు కాళ్లిరగ్గొట్టుకుంటారు."

చాణక్య ఫోను చెవిలోంచి తీశాడు. అతను అలా తీయడం నేను చూడడం అదే మొదటిసారి. "మాస్టారూ, మొదటి విడత అయిపోయింది. రెండో విడత వస్తేనే ఈ పిల్లలకి భోజనాలు, హాలు అద్దె, తిరుగు చార్జీలు. ఆ స్టిక్కర్ తీస్తే అది రాదు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

మాస్టారు పిల్లను వెంటబెట్టుకుని వెనక్కి వచ్చేశాడు. వేడుకలో తగలేసిన డబ్బు గురించి అడగొచ్చు. కానీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఆ చెయ్యే.

మర్నాడు ప్రాక్టీసు అయ్యాక అందరూ నీళ్లకు వెళితే ఢిల్లీశ్వరి నా పక్కన గొంతుక్కూర్చుంది. గోరుతో స్టిక్కరు అంచు లేపింది. కాస్త కాస్త ఊడి వస్తోంది. ఎన్నాళ్లకో గాలి తగిలినట్టయింది నాకు. సగం అక్షరంలో సగం ఊడింది కూడా. అంతలో మాస్టారు చూసి, వదిలెయ్యమన్నాడు.

"ఒలే, వొగ్గీ. సూత్తే నీ మీద రాసేత్తారు. ఇంకెన్ని రోజులే, ఓర్సుకో."

 ఆమె ఊడిన ముక్కను తన అరచేత్తోనే అద్ది, మళ్లీ గట్టిగా అతికించింది. ఆ చెయ్యి బరువు నాకింకా గుర్తుంది. నా చేతకానితనం మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ తర్వాత ఒక వింత జరిగింది. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, ఒప్పందం ఏమీ లేదు. ఆరు జట్ల పిల్లలూ ఆ మూలకు రావడం మానేశారు. రైడుకు వచ్చినవాళ్లు ఎడమ పక్కనే తిరిగేవారు. పట్టేవాళ్లు కూడా ఎవర్నీ కుడికి తరిమేవారు కాదు. ప్రాణం పోయేలా పోట్లాడుకునే పిల్లలు ఆ ఒక్క విషయంలో మాత్రం ఒకరినొకరు కాచుకున్నారు. నేను ఖాళీగా, మెరుస్తూ పడి ఉండేదాన్ని. ఇక గండం గడిచిందనే అనుకున్నాను.

మూల ఖాళీగా ఉండడంతో కంపెనీ పేరు టీవీలో ఏ అడ్డూ లేకుండా నిండుగా కనపడింది. పైపుల కంపెనీలో ఒకటే సంతోషం. ఫైనల్‌కి ఎడమ మూలన కూడా ఒకటి వేయమన్నారు, దానికి వేరే డబ్బు ఇస్తామన్నారు. ఆ కబురు వచ్చినప్పుడు చాణక్య మా దొంతర మీదే కూర్చుని ఉన్నాడు. ఆనందంతో నన్ను రెండుసార్లు తట్టాడు. ఆ డబ్బుతో ఏం చేద్దామని పక్కవాడు అడిగితే, ముగింపు రోజున మంటల యంత్రాలు మళ్లీ పెడదామన్నాడు.

ఫైనల్లో ఢిల్లీశ్వరి జట్టు ఆఖరి రైడు దాకా సమంగా వచ్చింది. ఆమె వచ్చి మ్యాట్‌ని తాకింది, లోపలికి వెళ్లింది. ఎడమన మెరుపు, కుడిన మెరుపు. మధ్యలో ఏడుగురు. కాసేపు అక్కడే ఊగిసలాడింది. టైము అయిపోతోందని జనం గోల పెట్టారు. చివరికి కుడి పక్కకే గెంతింది, తనకు తెలిసిన మూలే కదా అనుకుందో ఏమో. కాలు వచ్చి నా మీద పడింది. ఉన్న మెత్తదనమంతా కూడదీసుకున్నాను. కానీ ఆ కాలికీ నాకూ మధ్య ఆ కాగితం ఉంది. కాలు ముందుకు వెళ్లిపోయింది, మోకాలు పక్కకు తిరిగింది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించింది.

ఎదుటి జట్టు పిల్లలు ఆమెను పట్టుకోలేదు. పట్టుకుంటే వాళ్లకు పాయింటు, కప్పు. అయినా ఏడుగురూ చేతులు వెనక్కి తీసుకుని నిలబడిపోయారు. ఆమె మోచేతుల మీద మధ్యగీత వైపు పాకింది. టైము అయిపోయింది. రూలు ప్రకారం పాయింటు అవతలివాళ్లకే ఇచ్చారు. మంటల యంత్రాలు భగ్గుమన్నాయి, వాటికి ముందే టైము పెట్టేశారు. ఐసు డబ్బాలో ఐసు కరిగిపోయి ఉంది. మాస్టారు ఆ నీళ్లలోనే తన తువ్వాలు తడిపి మోకాలికి చుట్టాడు.

"నేనే వొద్దన్నాను," అంటున్నాడు. "పీకేత్తంటే నేనే వొగ్గీమన్నాను."

చాణక్య ఆస్పత్రికి వెళ్లి సర్టిఫికెట్ స్వయంగా ఇచ్చాడట. సంతకం పెడుతుంటే కన్నీళ్లు పెట్టుకున్నాడని పైడిరాజు చెప్పగా విన్నాను. అబద్ధమని నేననుకోను. ఆపరేషనుకు ఇవ్వడానికి మాత్రం అతని దగ్గర ఏమీ మిగల్లేదు. సర్టిఫికెట్ ఉంది, పరిగెత్తడానికి కాలు లేదు. సెలక్షన్లు ఆమె మంచం మీద ఉండగానే అయిపోయాయి.

జిగురు మరకలున్న పలకలు పెళ్లిళ్లకు పనికిరావని పైడిరాజు మమ్మల్ని ఒక పక్కన పడేశాడు. ఏడాది పోయాక అప్పలసూరి మాస్టారు వచ్చి తక్కువకు అడిగితే ఇచ్చేశాడు. ఇప్పుడు నేను ఆయన ఊళ్లో, రేకుల షెడ్డు కింద ఉన్నాను. పది పన్నెండు మంది ఆడపిల్లలు ఆడుతుంటారు. వాళ్లకు నేర్పేది ఢిల్లీశ్వరి.

మమ్మల్ని లారీలోంచి దించినరోజు మరకలు చూసి ఆమె గుర్తుపట్టింది. మాస్టారు తల దించుకున్నాడు.

"పాత సరుకేనే అమ్మా. కొత్తవి మనం కొన్నేం."

 ఆమె బాగున్న మోకాలి మీద వంగి, నన్నూ, నా పక్క వాటినీ ఒక్కొక్కటిగా తిరగేసింది. అడుగు వైపు ఎవరూ ఎప్పుడూ ఏదీ అతికించలేదు, గరుగ్గా ఉంది. ఆ వైపు పైకి పెట్టి పళ్లు బిగించింది. నా వంతుకు మళ్లీ ఒక మూలే వచ్చింది.

అందుకని ఇప్పుడు నా మొహం నేలకు ఆని ఉంది. ఏదీ కనపడదు, అడుగులు మాత్రం తెలుస్తాయి. పిల్లలు ధైర్యంగా వచ్చి ఈ మూలన గెంతుతారు, ఎవరి కాలూ జారదు. ఢిల్లీశ్వరి నడక కూడా నాకు తెలుసు, ఒక అడుగు బరువు, ఒక అడుగు తేలిక. పిల్లల వెంట ఆమె షెడ్డంతా తిరుగుతుంది. నన్ను తిరగేసింది తనే. అయినా ఈ మూల దాకా వచ్చేసరికి ఆ అడుగులు ఆగి, పక్కనుంచి చుట్టూ తిరిగి వెళతాయి.