లాటరీవాళ్ళిచ్చిన పొయ్యి

మెరెరిడ్ తను ఊరందరి కోసమని పెట్టిన తోట గేటుకి, 'సాయం చేసింది మేమే' అనే లాటరీవాళ్ళ బోర్డు తగిలించిన రోజున నాకు ఒళ్ళు మండిపోయింది. వారం వారం టిక్కెట్లు కొని చేతులు కాల్చుకునేది మా లోయ జనం. అందులోంచి సేవ పనులకని తీసే డబ్బు పోయేది పక్క లోయనుంచి ఊడిపడ్డ దాని పారలకీ పూలకుండీలకీనా! ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటోందట. ఉంటే మాత్రం?

పొయ్యి కోసం నేనూ వాళ్ళని డబ్బడిగాను మరి. చాపెల్ అనే మా చిన్న చర్చి వెనక గదిలో బుధవారం బుధవారం ముసలాళ్ళకి వేడివేడి సూపు పోసేది నేనూ, మా ఆయన ఎమ్రిస్, మా చెల్లెలు ఎలునెడ్. జీతం భత్యం లేని చాకిరీ. ఆ పాత పొయ్యి కాస్తా చచ్చి ఊరుకుంది. కొత్తది రాకపోతే భోజనాలు బంద్. పాపం, ఒంటిగా బతికే వాళ్ళు నలుగురి మొహాలు చూసేది ఆ ఒక్క పూటే.

లాటరీ ఆఫీసు అమ్మాయి ఫోన్ చేసి మర్యాదగానే చెప్పింది. "మీ కమిటీలో అందరూ ఒకే ఇంటివాళ్ళండీ. చుట్టరికం లేనివాళ్ళు ఒకరైనా ఉంటేనే డబ్బిస్తాం."

"మా లోయలో చుట్టరికం లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి తేనమ్మా? పాలు పోసేవాడు మా పెదనాన్న మనవడు, పాస్టరు మా ఆడపడుచు మొగుడు!"

ఫోన్ పెట్టేశాక ఎలునెడ్ నసిగింది. "మెరెరిడ్ ఉందిగా అక్కా."

"దాని పేరెత్తావంటే చూడు!"

ఎత్తక తప్పలేదు. మర్నాడు పళ్ళు బిగబట్టుకుని తోటకి వెళ్ళాను. కొత్త పారలు, కొత్త తోపుడుబండి, కొత్త షెడ్డు. అంతా మా టిక్కెట్ల డబ్బే! దగ్గరికెళ్ళి చూద్దును కదా, పారలకున్న ధర చీటీలు కూడా ఊడలేదు. మెరెరిడ్ ఒక్కతే మోకాళ్ళ మీద కూచుని కలుపు పీకుతోంది.

"ఏం గ్లెనిస్ గారూ, దారి తప్పారా?"

వచ్చిన పని చెప్పేశాను.

"కమిటీలో చేరతాలెండి," అంది. "బుధవారాలు మీ గదిలో నవ్వులు రోడ్డు దాకా వినిపిస్తాయి. ఎంత కుళ్ళుకునేదాన్నో! నాకు డబ్బొచ్చింది గానీ సాయానికి ఒక్క మనిషి రాలేదు. మీవాళ్ళలో ఎవరినైనా పంపండి."

నన్ను చూసి అది కుళ్ళుకుందట! ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ హాయిలో నోరు జారాను. "మా ఆయన్ని పంపిస్తాలే. ఇంట్లో ఎటూ పనికిరాడు."

పొయ్యి వచ్చింది, అదృష్టం కోసం మెలేసిన రెండు వేళ్ళ లాటరీ గుర్తు అంటించుకుని, తళతళలాడుతూ.

ఆ బుధవారం పొద్దున్నే సూపులోకి ఉల్లికాడల్లాంటి లీకుల కోసం తోటకి వెళ్ళి, గేటు దగ్గరే ఆగిపోయాను. ఎమ్రిస్ ఈల వేస్తున్నాడు. పెళ్ళయింది మొదలు నా వంటింట్లో ఏనాడూ ఈల వేయని మనిషి! మెరెరిడ్ ఏదో అంటే పార మీద వాలి పగలబడి నవ్వాడు.

"ఏమయ్యా, గదిలో కుర్చీలెవరేస్తారు?" అని అరిచాను.

"ఎలునెడ్ వేస్తుందిలేవే," అన్నాడు, నా వైపు తిరక్కుండానే.

కొత్త పొయ్యి మీద సూపు ఇట్టే ఉడికింది. కమిటీ మెంబరు కదా, మెరెరిడ్ దర్జాగా ముందు బల్ల దగ్గర కూచుని రెండోసారి పోయించుకుంది.

"లీకులు ఎంత తియ్యగా ఉన్నాయో! ఎవరివి?" అని అడిగిందో ముసలమ్మ.

మెరెరిడ్ నోరు తెరిచేలోగా, "మా ఆయనవి," అన్నాను.