కథకు గుప్పెడు

లైట్‌హౌసు మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడిందని చెప్పి గౌరీశ్వరి ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటే శుభవార్త వచ్చిపడింది.

నిజంగానే బూట్ల చప్పుడు. రొయ్యల షెడ్డు సూపర్‌వైజరు రమణమూర్తి గమ్‌బూట్లు తడినేల మీద టపటపలాడించుకుంటూ వాళ్ల బల్ల వైపే వస్తున్నాడు. పనిలో మాటలు కూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. కథ పట్టుబడిందనుకుని బల్ల చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లంతా తలలు దించేశారు. పొద్దున్నుంచి మంచులో నానిన వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. తల తుంచడం, పొట్టు ఒలవడం, వీపు మీది నల్లనరం లాగడం ఇంకా జోరందుకున్నాయి.

ఆయన చేతిలో మిఠాయి డబ్బా ముందుగా చూసింది హిమబిందు. బల్ల దగ్గర అందరిలోకీ చిన్నది, పోయిన దసరాకే పనిలో చేరింది.

"ఓలమ్మ, స్వీట్లే!" అంది పైకే.

"గౌరీశ్వరీ, గ్లౌజులు తియ్యి. ఫోటో దిగాల," అన్నాడు రమణమూర్తి. "ఈ నెల షెడ్డు మొత్తమ్మీద నీ తూకమే ఎక్కువ. బెస్టు వర్కరువి నువ్వే."

"నానా సార్?"

"నువ్వు గాక మీ అత్తా?"

బల్లంతా గొల్లున నవ్వింది. తడిగ్లౌజులతో చప్పట్లు కొడితే చాకిరేవులో బట్టలు బాదినట్టు వినిపించింది. వన్‌టౌన్ నుంచి వచ్చే షబ్నం చొరవగా ముందుకొచ్చి గౌరి తలమీది వలటోపీ సర్ది, "నవ్వవే, పెళ్లి ఫోటోలో నవ్వినావు గదా, అలగ," అంది. గౌరి అలాగే నవ్వింది. బహుమతిగా ఎర్రరంగు హాట్‌బాక్సు ఇచ్చారు.

ఆయన వెళ్లీ వెళ్లగానే అసిరమ్మ అడిగింది. ఆమెకు చదువు రాదు. మనవలున్న మనిషి. "బూట్లోడు పైకొచ్చినాడా మరి? ఆ యమ్మి దొరికిపోనాదా?"

"ఉండత్తా, స్వీటు మింగనీ," అంది గౌరి.

అది ఆ బల్ల అలవాటు. ఫోన్లు గేటు దగ్గరే ఒప్పజెప్పాలి. మంచూ నీళ్లూ క్లోరినూ కలిసిన ఆ చోటికి పుస్తకం తెస్తే పూటలో ముద్దయిపోతుంది. అందుకని చదువొచ్చిన ఆడపిల్లలు ఇంటి దగ్గర నవలలు చదువుకుని వచ్చి ఇక్కడ చెప్పుకునేవాళ్లు. ఎవరికి నచ్చిన నవల వాళ్లు. షబ్నంకి హత్యలుండాలి. పెళ్లి మేళంలో హంతకుడు దాక్కున్న నవల ఆమె చెప్తున్నప్పుడు, వాడు డోలువాడా సన్నాయివాడా అని బల్ల రెండు జట్లుగా చీలింది. హిమబిందు మూతబడ్డ చక్కెర మిల్లులో దెయ్యం కథ మొదలుపెట్టి, తనే భయపడి సగంలో మానేసింది. షబ్నం తండ్రి నజీర్ అహ్మద్‌ది చిత్తుకాగితాల కొట్టు. కిలోల లెక్కన అమ్ముడుపోయి వచ్చిన నవలలు కిలోల లెక్కన కూలి తెచ్చుకునే పిల్లల చేతుల్లో పడేవి.

ఒలిచిన కిలోకి పద్దెనిమిది రూపాయలు. కథ చెప్పే మనిషి చెయ్యి ఆగుతుంది. తూకం తగ్గుతుంది. దానికి అసిరమ్మే ఒక కట్టుబాటు పెట్టింది. "సెప్పినోలి కడుపు మనవే సూడాల," అని మొదటిరోజు తన తట్టలోంచి ఒక గుప్పెడు రొయ్యలు తీసి షబ్నం తట్టలో వేసింది. అప్పట్నుంచి కథలో ఒక మలుపు తిరిగినప్పుడల్లా తలో గుప్పెడూ వెయ్యడం మర్యాదయిపోయింది. మలుపు బాగుంటే గుప్పెడు పెద్దదయ్యేది. కన్నీళ్లు వస్తే రెండు చేతులూ లేచేవి. చెప్పినవాళ్లకి మిగిలిన డబ్బు శనివారం బజ్జీలకీ, తరవాతి నవలకీ పోయేది.

ఈ నెలంతా గౌరిదే వంతు. ఆమెకిష్టమైన నవల పెద్దది. లైట్‌హౌసు కాపలాదారు చచ్చిపోతే, క్వార్టరు ఖాళీ చేయిస్తారన్న భయంతో అతని భార్య ఆ సంగతి దాచి ప్రతి సాయంత్రం తనే దీపం వెలిగిస్తుంది. ఇప్పుడు తనిఖీకి ఆఫీసరొచ్చాడు. మామూలుగా రోజుకు ఇరవై రెండు కిలోలు దాటని గౌరి తట్ట ముప్పై ఒకటికి చేరింది. బల్ల మీద ఎవరికీ ఆ అంకె మీద ధ్యాస లేదు. వాళ్ల ధ్యాసంతా ఆ మెట్ల మీద ఉంది.

మల్కాపురంలో ఒంటిగది ఇల్లు. ఆ సాయంత్రం మొగుడు సుమంత్ పోర్టులో బొగ్గు దింపే కాంట్రాక్టు పని నుంచి వచ్చేసరికి గౌరి హాట్‌బాక్సు గుమ్మానికి ఎదురుగా పెట్టి కూర్చుంది. పెళ్లయి ఇంకా ఆర్నెల్లు నిండలేదు. బొగ్గుపొడితో అతని రెప్పలు రెండూ కాటుక దిద్దినట్టున్నాయి.

"నాకంటే నీకే బాగున్నాది మావా కాటుక," అంది నవ్వుతూ.

"ఏటీ డబ్బా? ఎవలిచ్చినారు?"

చెప్పింది. అతను మొహం కడుక్కోవడం కూడా మరిచిపోయి మూత తీశాడు, వేశాడు, మళ్లీ తీశాడు. కొత్త ప్లాస్టిక్కు వాసన. పక్కింటివాళ్లిచ్చిన నాలుగు ఇడ్లీలు అందులో పెట్టి, మూత బిగించి, కాసేపాగి తెరిచి, ఆవిరి వస్తుందా లేదా అని ఇద్దరూ తలలు ఆనించి చూశారు. వచ్చింది. రాజ్యం వచ్చినంత సంబరపడ్డారు.

"కాళ్లిలగ పెట్టు," అన్నాడు సుమంత్. రోజంతా నిలబడి పొంగిన ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని వత్తుతూ, "బెస్టు వర్కరు గారూ, ఆఫీసరొచ్చినాక ఏటయినాదో నాకూ సెప్పండి," అన్నాడు.

గౌరి చెప్పడం మొదలుపెట్టింది. రెండో మాటకే అతను గోడకి ఆనుకుని నిద్రపోయాడు. ఆమె నవ్వుకుని, అతని చేతిలోంచి పాదం మెల్లిగా తీసుకుంది.

మర్నాడు పొద్దున్న మొదటి మంచు పొయ్యకముందే రమణమూర్తి అందరినీ నిలబెట్టాడు.

"ఒకటో తారీకు నుంచి టార్గెట్టు. గౌరీశ్వరి ఎంత ఒలిసిందో ప్రతి ఒక్కరూ అంతా ఒలవాల. రోజుకు ముప్పై ఒకటి. తగ్గితే హాజరు బోనసు కట్. వారం వరసగా తగ్గితే గేటు కాడే ఆపేస్తాం. తరవాత నన్ననుకోవొద్దు." ఆగి, గౌరి వాళ్ల ఎనిమిదో నంబరు బల్ల వైపు చూశాడు. "మాటాడుకుంటానే ఆ పిల్ల అంత ఒలిసింది. మీకేటి రోగం?"

పక్క బల్లలవాళ్లు గౌరిని చూశారు. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లే. ఒకామె ఆమెకు వినబడేటట్టే అంది: "పెళ్లయిన కొత్త గదా, ఒంట్లో జోరు. మనకెక్కడిదమ్మా."

ఆ రోజు బల్ల దగ్గర కథ లేదు. ఆఫీసరు మెట్ల మీదే నిలబడిపోయాడు. పొట్టు చిరుగుతున్న చప్పుడు, గొట్టంలో నీళ్లు. అంతే. అసిరమ్మ ఏళ్ల తరబడి మంచులో వంకరపోయిన వేళ్లతో గబగబా లాగబోతే రొయ్య రెండు ముక్కలైపోయేది. ముక్కలు తూకానికి రావు. వాటిని పక్కకు నెట్టి ఆమె మళ్లీ కొత్తది అందుకునేది. ఎవరి తట్ట వాళ్లు ఒంటికి దగ్గరగా లాక్కున్నారు.

భోజనాల వేళకి ముందు హిమబిందు "అమ్మా" అంది. రొయ్య కొమ్ము బొటనవేలి గోరు కింద దిగబడింది. నెత్తురు మంచు మీద పాకింది. ఎవరైనా చూస్తారని ఆ పిల్ల చెయ్యి తీసి క్లోరిన్ నీళ్లలో ముంచి, పళ్లు బిగించి ఊరుకుంది. నెత్తురంటిన గుట్టంతా పారబోయించాడు రమణమూర్తి. పిల్ల పొద్దున్నుంచి ఒలిచింది కూడా అందులోనే పోయింది.

గౌరి గ్లౌజులు బల్ల మీద పడేసి ఆయన వెనకే వెళ్లింది.

"సార్, ఒక మాట. ఆ తూకం నాది కాదు సార్."

"మరెవలిది?"

"బల్లది. నాను కత సెప్తాను. ఆళ్లు తలో గుప్పెడూ ఏస్తారు. నా సేతుల్తో నాను ఒలిసింది ఇరవై రెండే. ఒక్కోరోజు అదీ ఉండదు."

రమణమూర్తి అటూ ఇటూ చూసి ఆమెను తూకం యంత్రం చాటుకు రమ్మన్నాడు. కోపం తెచ్చుకోలేదు. అలిసిపోయినట్టు మొహం తుడుచుకున్నాడు. "ఈ మాట ఇంకెవలికైనా సెప్పినావా?"

"నేదు సార్."

"సెప్పకు. సెప్తే దాన్నేటంటారో తెలుసునా? తూకంలో మోసం. బల్ల మొత్తాన్నీ పంపించీగలరు. పైకి ఆ అంకె ఎల్లిపోయింది. ఆళ్లకి కావలసింది అలాటి అంకె. నేకపోతే ఇంకోటి తెస్తారు. నేనేటి సెయ్యగలను?" ఆగాడు. "నీకో మాట సెప్తాను విను. ఒకటో తారీకు నుంచి నువ్వు తూకం కాడ చెకరువి. నెల జీతం. తెల్లకోటు. ఇదిగో, ఈ కుర్చీ. రేపు ఓనరుగారొస్తన్నారు. నీ ఫోటో ఆయన సేత్తోనే బోర్డు మీద పెడతారు. నవ్వుకుంటా నిలబడు. అంతే నీ పని."

గౌరి కుర్చీ వైపు చూసింది. మామూలు ప్లాస్టిక్కు కుర్చీ. ఒక చెయ్యి పగిలితే తీగతో కట్టారు. అందులో కూర్చున్న తనని, బొగ్గు పని లేని రోజుల్లో కూడా ఇంటికి జీతం తెచ్చే తనని, వాపు లేని తన పాదాలని ఒక్క క్షణం చూసుకుంది. రెండు క్షణాలే అనుకోండి. తరవాత ఆ కుర్చీలోంచి కనబడేదేమిటో కూడా చూసింది. వరసలో తట్ట పట్టుకుని వస్తున్న అసిరమ్మ. అంకె చదివి, చాలదని చెప్పవలసింది తను.

బల్లకి తిరిగొచ్చింది.

సాయంత్రం పని దిగి గేటు బయట ఆటో కోసం నిలబడ్డప్పుడు షబ్నం దాచుకున్నదంతా కక్కేసింది. హార్బరు వైపు నుంచి ఎండుచేపల వాసన మోసుకుంటూ గాలి వీస్తోంది.

"మురిసిపోతా ఫోటో దిగినావ్. టోపీ సర్దింది నాను. నా బుద్ధికి సెప్పు తీసి కొట్టుకోవాల. సార్ సాటుకి పిలిసి ఏటి సెప్పినాడు? కుర్చీ ఇస్తానన్నాడా?"

గౌరి ఉలిక్కిపడి చూసింది. "నీకెలగ తెలిసినాది?"

"ఎప్పుడూ అదే గదా ఇస్తారు!"

"ఒసే, ఆగవే," అంది అసిరమ్మ. "గుప్పెడేసింది మనవు. ఆ కట్టుబాటు ఎట్టింది నాను. ఆ గుంట అడిగిందేటి? కత బాగున్నాది, ఏసినాం. కతకిచ్చింది ఆళ్లు లెక్కలో రాసుకున్నారు."

హిమబిందు వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుని నిలబడింది. "ఇంక కతలు సెప్పుకోవా అక్కా?" అని గౌరినే అడిగింది. అందులో నిష్ఠూరం ఏమీ లేదు.

ఆటో వచ్చి ఆగింది. ఎవరూ ఎక్కలేదు. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టి, తిట్టుకుని వెళ్లిపోయాడు.

"కుర్చీ ఇస్తానన్నాడు," అంది గౌరి. "నాకొద్దు. మోసమంటారంట. అననీ. రేపు ఓనరు ముందర నాను ఏరే బల్ల కాడ ఒక్కద్దాన్నే నిలబడతాను. మీరెవలూ దగ్గరకి రావొద్దు. గడియారం ఆళ్లనే సూసుకోమంటాను. నా రెండు సేతుల్తో ఎంతొస్తే అంతే తూసి, ఆ అంకె బోర్డు మీద రాయమంటాను. నా ఫోటో ఎట్టొద్దంటాను."

"నిన్నొక్కద్దాన్నీ గేటు బయటికి తోస్తారు," అంది షబ్నం. గొంతులో ఇందాకటి పదును లేదు. "మీ ఆయనకేటి సెప్తావ్?"

"ఇంటికెల్లి సెప్తాను. డబ్బా సూసి మురిసిపోయినాడు పాపం." ఆమె మొహం ఒక్కసారి ముడుచుకుపోయి మళ్లీ తేరుకుంది. "కోప్పడితే కోప్పడనీ."

అసిరమ్మ చెంగు దులుపుకుని నడుముకి దోపుకుంది. ఆమె మాట్లాడుతుంటే పక్క బల్లలవాళ్లు కూడా నడక ఆపి తిరిగి చూశారు. పొద్దున్న జోరని వెక్కిరించినామె కూడా ఆగింది.

"ఒక్కద్దానివీ నిలబడ్డమేటే? రేపు పొద్దున్న మంచు పోస్తారు. పోసుకోనీ. నాను సెయ్యెట్టను. షబ్నం, నువ్వూ ఎట్టకు. ముందర ఈ గుంట ఒలిసింది ఒలిసినట్టు తూకం ఎయ్యాల. ఆ అంకె ఆ ఓనరు నోటంట ఇన్నాకే మన సేతులు మంచులోకి ఎల్తాయి. రేపు అందరూ మొదటి ఆటోకే వచ్చీండి."