పాస్‌వర్డ్ అడగని దారి

మా దేవీప్రసాద్ బావకి ఎంగేజ్‌మెంట్ వీడియో ఎడిట్ సేసుకోడానికి సాఫ్ట్‌వేర్ కావాలంట. ఎక్కించాల్సింది నాను. ఎంగేజ్‌మెంట్ మాత్రం నాతో కాదు.

"డబుల్ క్లిక్ సేత్తంటే ఏటీ అవట్లేదే కుసుమా," అన్నాడు.

సూశాను. విండోస్ ఫైలొకటి తెచ్చి లైనక్స్ మీద పడీసి, అది నడవాలని ఆశపడతన్నాడు. ఆశల గురించి నాను మాటాడకూడదని ఊరుకున్నాను.

ఈ కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ పెట్టింది నానే. బీటెక్ సెకండియర్లో, ఉక్కునగరంలో ఇదే క్వార్టర్లో, ఇదే ప్లాస్టిక్ కుర్చీలో కూకుని. పాస్‌వర్డ్ ఏటి పెట్టమంటావంటే, "నీ పేరెట్టీ, మర్సిపోను," అన్నాడు. సిస్టమ్ తెరిసినప్పుడల్లా నా పేరు కొడతాడని ఇన్నేళ్లూ మురిసిపోయాను. అప్పట్లో వాళ్లమ్మ, మా సన్యాసమ్మత్త, నన్ను 'కోడలా' అని పిలిసేది. మా నాన్న సెల్లెలే కదా, ఆ పిలుపుని ఎవరూ పట్టించుకోలేదు, నాను తప్ప.

ఇప్పుడు వంటింట్లోంచి, "కుసుమమ్మా, టీ తాగుతావేటి?" అంటంది.

"బావా, యాప్‌ఇమేజ్ అని ఉంటాది. ఒకటే ఫైలు. దింపుకుని, దీన్ని నడవనియ్యమని ఒక టిక్కు పెడితే సాలు. పాస్‌వర్డ్ కూడా అడగదు. పనయ్యాక తీసి పారెయ్యొచ్చు."

అసలు సంగతి ఆ పాస్‌వర్డే. మార్సీసుంటే నాకు తెలిసిపోతాది. తెలుసుకోకుండా ఇంటికెళ్లిపోదామని నా ప్లాను.

"పారెయ్యడమెందుకే? సక్రంగా ఇన్‌స్టాల్ సెయ్యి. రేపు ఈ ఇంటికొచ్చాక అనూరాధ కూడా వాడతాది."

"అయితే ఫ్లాట్‌ప్యాక్ అని ఇంకో దారుంది. కొత్త వెర్షనొస్తాది గానీ బోల్డంత డేటా లాగుతాది. మీ నెట్టుకి అది దిగేలోపు మీ పెళ్లయిపోతాది."

"నవ్వించకే. తొరగా అయ్యేదేదో సూడు."

"ఆప్ట్. సిస్టమ్‌కి సొంత కొట్టు లాంటిది. ఒక్క లైను కొడితే అదే తెచ్చుకుంటాది."

కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది.

నా పేరు, దాని ఎనక అప్పుడు నానే తగిలించిన నా పుట్టిన సంవత్సరం. ఎంటర్.

తీసుకుంది.

స్క్రీన్ మీద లైన్లు వరసగా పరిగెడతన్నాయి. నాకు ఒక్కటీ సదవబుద్ధి కాలేదు.

"మార్సలేదేటి బావా?" గొంతు మామూలుగానే ఉంచాను. ఉంచాననే అనుకుంటన్నాను.

బావ వంటింటి వైపు సూశాడు. కుర్చీ దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. ఆ కాసేపూ ఈ క్వార్టరూ, ఆ టీ వాసనా, గోడ మీద సున్నం పెచ్చులూ అన్నీ నావే.

"ఎలా మార్సాలో తెల్దే. నిన్నే అడుగుదామనుకుంటన్నాను. ఆ పిల్లొచ్చాక బాగోదు కదా."

సాఫ్ట్‌వేర్ ఎక్కీసింది. మెనూలో కొత్త బొమ్మ కూడా వచ్చింది.

"పి, ఏ, ఎస్, ఎస్, డబ్ల్యూ, డి అని కొట్టు," అన్నాను. "ముందు పాతది అడుగుతాది. తర్వాత కొత్తది, రెండుసార్లు."

కుర్చీ ఇచ్చీసి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. బయట ప్లాంటు బస్సు షిఫ్టు దిగినోళ్లని దింపతంది.

"కుసుమా, ఎంత కొట్టినా ఏటీ పడట్లేదే!"

"పడతాది బావా. పైకి కనపడదు, అంతే. కొట్టు."

పాతది అయ్యింది. కొత్తది ఒంటి వేలితో ఎతుక్కుంటా, ఆగి ఆగి కొట్టాడు. వినకూడదనుకుంటానే విన్నాను.

రెండోసారి ఎక్కడా ఆగలేదు.