మూసిన గదిలో చప్పట్లు

హిదా యుద్ధనౌకలో దేవునికి నైవేద్యం పెట్టే పని కురామొచి తొకుజీది. ఏ సీమ పేరు పెట్టుకొన్న ఓడకు ఆ సీమ దైవమే కాపు. హిదా కొండల కోవెలనుండి దేవుని అంశను తెచ్చి, ఓడ నీళ్లలోకి దిగిననాడే కింది అంతస్తులో చిన్న దేవదారు మందసంలో నిలిపారు. ఆరు బురుజులు, పన్నెండు పెనుఫిరంగులు, ఆకాశాన్ని నల్లబరిచే బొగ్గుపొగ ఉన్న ఆ రోజులనుండీ తొకుజీయే దానికి సేవకుడు. మహాభూకంపంనాడు ఓడ బియ్యపు బస్తాలతో తోక్యో అఖాతానికి పరుగెత్తినప్పుడు కూడా మొదటి పిడికెడు ఆ సన్నిధిలోనే పెట్టాడు.

ఇప్పుడు కురే రేవులో ఓడ రూపమే మారిపోయింది. బొగ్గు కొలుములు పోయి చమురు కొలుములు వచ్చాయి. ఇరుపక్కలా టార్పెడో దెబ్బను తట్టుకొనే ఉక్కుపొట్టలు అతికించారు. నడిమధ్య అంతస్తుపై అంతస్తుగా గోపురం లేచింది. పాత బొగ్గుకొట్లనూ, వాటినానుకొన్న దేవుని గదినీ ఉక్కురేకు కొట్టి మూసేశారు. మందసాన్ని మాత్రం కూలీలు తక్కిన సామానుతోపాటు మోసుకెళ్లి గోపురంలో పెట్టారు. పూజారి లేడు, ఆవాహన లేదు. తొకుజీ అప్పుడు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు.

తిరిగివచ్చిన ఉదయం అన్నం పెట్టి, వంగి నమస్కరించి, ఆచారం ప్రకారం రెండుసార్లు చప్పట్లు కొట్టాడు. ఓడలో పైకీ కిందికీ కబుర్లు చేరవేసే మాటల గొట్టం పక్కనే ఉంది; దానిలోంచి, ఓడ అడుగునుండి, రెండు చప్పట్లు బదులు వచ్చాయి. అన్నంవంక చూస్తే దానిమీద సన్నగా బొగ్గుపొడి. ఓడలో చిటికెడు బొగ్గయినా లేదు.

తొకుజీ తమ్ముడు షిగెమి మూడో బురుజు కింద గుండ్లగదిలో పనివాడు. మూసిన గదికీ దానికీ ఒకటే గోడ. తొకుజీ సంగతంతా చెబితే అతడు నవ్వాడు.

"అయితే నీ దేవుడు మా పక్కింటాయనన్నమాట! అప్పుడప్పుడు ఉప్పూ పప్పూ అడగొచ్చా అన్నా?"

"నవ్వకురా. పైన ఖాళీ పెట్టెకు దణ్ణం పెడుతున్నాం. ఆయన కిందే ఉండిపోయాడు, పస్తులతో. ఆ పక్కన నువ్వు గుండ్లు దొర్లిస్తున్నావు."

షిగెమి నవ్వు సగంలో ఆగింది. "గోడ అవతల ఎవరో గీరుతున్నట్టుంటుందే... ఎలకలనుకున్నా."

ఆ రోజే ఫిరంగుల సాధన. తొకుజీ ఓడలో రెండో అధికారి అయిన ఉపాధిపతి దగ్గరికెళ్లి, పస్తులున్న దేవుని పక్కన గుండ్లు కదిపితే కీడని, పూజారి వచ్చి ఆయన్ని పైకి తెచ్చేదాకా ఆగమని బతిమాలాడు.

"నీ దేవుడికోసం ఓడ ఆపాలా? చేతులున్నాయిగా కురామొచీ, నువ్వే మోసుకురా!"

ఆయన ఎగతాళికే అన్నాడు. తొకుజీ దాన్ని అనుమతిగా శిరసావహించాడు. స్నానం చేసి తెల్లబట్ట కట్టి, ఖాళీ మందసంతో ఉక్కురేకు ముందు మోకరిల్లి ప్రార్థించాడు. పెదవుల మధ్య, పూజకు వాడే పవిత్రమైన సకాకి చెట్టు ఆకు ఒకటి బిగించాడు. మానవశ్వాస దేవునికి సోకరాదు. ఆయన పీఠం చేరేదాకా నోరు విప్పరాదు, వెనుదిరగరాదు. మందసం ఎత్తాడు. నిండుబిందెలా బరువెక్కి ఉంది.

నిచ్చెన సగం ఎక్కేసరికి కిందనుండి కేక.

"అన్నా! కాలు నలిగిపోయిందే! రా అన్నా!"

అది షిగెమి గొంతే. చిన్ననాడు మంచుగుంటలో పడినప్పుడు ఏడ్చిన గొంతే. తొకుజీ కాలు మెట్టుమీద ఆగింది. తిరిగితే దేవుడు కిందే మిగులుతాడు, ఆ గుండ్ల పక్కన, ఆ తమ్ముని పక్కన. తిరగకపోతే? కన్నీరు ఆకుమీదికి జారింది. పళ్లు బిగించి మెట్టు తర్వాత మెట్టు ఎక్కాడు. కేక సన్నగిల్లి ఆగిపోయింది. ఆగిపోవడమే మరీ భరించరానిదయింది.

మందసాన్ని పీఠంమీద నిలిపి, ఆకు చేతిలోకి తీసుకొని, వెర్రివాడిలా కిందికి పరుగెత్తాడు. నడిమి నిచ్చెన దగ్గర షిగెమి ఎదురొచ్చాడు, రెండు కాళ్లమీదా.

"ఏంటన్నా ఆ అరుపులు? 'పైకి రారా, పైకి రారా' అని గొంతు చించుకున్నావు! పని వదిలేసి వచ్చా. మా సర్దారు నా తోలు తీస్తాడు."

తొకుజీ బదులివ్వబోయేంతలో కింద పిడుగు పడినట్టు ఓడ అదిరింది. గుండును ఎత్తే గొలుసు తెగింది. పైకి పాకివచ్చిన సర్దారు ముఖం సున్నంలా ఉంది. "నీ చోటులోనే పడిందిరా, షిగెమీ. సరిగ్గా నువ్వు నిలబడే చోట్లో."



"కాలు నలిగిందని నువ్వే అరిచావనుకున్నా. నేను పిలవలేదురా," అన్నాడు తొకుజీ. "నా నోట్లో ఇదుంది."

గుప్పిట విప్పి చూపాడు. ఆకుమీద అతని పళ్లగాట్లు లోతుగా ఉన్నాయి. రెండోవైపు తిప్పితే, అంతటా బొగ్గుపొడి.